పాత నాణేలు కొంటున్నారా? మట్టి వాసన వస్తే ఆగండి

ఏడెనిమిదేళ్ల కింద పాతబస్తీ దిక్కు వారం వారం జరిగే ఒక సంతలో, పాత తాళాలు, తుప్పు పట్టిన ఫ్యాన్ రెక్కల మధ్యలో ఒకాయన గుడ్డ పరుచుకుని కూర్చున్నడు. ముందర బిస్కెట్ డబ్బా, దాన్నిండా సీసం నాణేలు. ఒకటి తీసి బొటనవేలితో రుద్దితే ఎర్రమట్టి రాలింది, లోపల ఏనుగు తొండం కొంచెం కనబడ్డది. "ఏక్‌దమ్ తాజా మాల్ సాబ్, సీదా ఖేత్ సే ఆయా" అన్నడు, అంటే తాజా సరుకు, సీదా పొలంలోంచి వచ్చింది అని. నాకు లాటరీ తగిలినట్టే అయ్యింది, బేరమాడి పదకొండు తీసుకున్న, ఇంటికొచ్చి చింతపండు పెట్టి తోమిన కూడా. ఆ తోముడు గురించి తర్వాత చెప్తా, తిట్టేది ఉంటే అప్పుడు తిట్టండి.

కొన్ని నెలల తర్వాత ఆర్కియాలజీలో పనిచేసి రిటైరైన ఒక సార్‌కు చూపిస్తే ఆయన నాణేల మొహం కూడా సరిగ్గా చూడలేదు. "ఏ ఊరివి?" అన్నడు. తెల్వదు సార్. "పొలమా, గుట్టా? కుండలో దొరికినయా, విడివిడిగానా?" తెల్వదు సార్. "మరి ఇంక నేనేం చెప్తా, ఇవి సీసం బిళ్లలు" అని చాయ్ తాగి లేచిండు. చానా రోజులు ఆయన మీద కోపం ఉండె. ఇప్పుడు నన్ను ఎవరన్నా "అన్నా, నాణేలు కలెక్ట్ చేద్దామనుకుంటున్న, ఎట్లా మొదలుపెట్టాలె" అని అడిగితే నేను కూడా ఆయన అడిగిన మాటతోనే మొదలుపెడ్తున్న.

మనం హైదరాబాద్‌లో వంద గజాల ప్లాట్ కొనాలంటే ఏం చేస్తం? ఈసీ తీయిస్తం, లింక్ డాక్యుమెంట్లు అడుగుతం, ఆయనకు ఎవరు అమ్మిండు, వాళ్లకు ఎవరు అమ్మిండ్రు, ముప్పై ఏళ్ల వెనక్కి పోయి చూస్తం. రెండు వేల ఏళ్ల నాణెం కొనేటప్పుడు మాత్రం "ఒరిజినలా కాదా" అని ఒక్క మాట అడిగి ఫోన్‌పే కొట్టేస్తం. దానికి కూడా లింక్ డాక్యుమెంట్లు ఉంటయ్, ఉండాలె. ఇదొక్కటి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానివెనకే వస్తది.

మొదలు, ఏం సేకరించాలో తేల్చుకోండి

కొత్తగా దిగేవాళ్లకు నా సలహా సూటిగా ఒకటే, నిజాం నాణేలతో మొదలుపెట్టండి. మన ఊరివి అన్న అభిమానం ఎట్లాగూ ఉంది గానీ అసలు కారణం వేరే. శాతవాహన, ఇక్ష్వాకు నాణేలు దాదాపు అన్నీ భూమిలోంచి రావాల్సిందే, అంటే ఎవరో ఎక్కడో తవ్వితేనే మన చేతికి వస్తయ్. హాలీ సిక్కా, అంటే నిజాం సర్కారు సొంత నాణెం, అట్లా కాదు. మొన్నమొన్నటి దాకా జేబుల్లో తిరిగింది, తర్వాత ఇనప్పెట్టెల్లో, పోపుల డబ్బాల్లో, ఆడవాళ్ల మెడలో దండలై మిగిలిపోయింది. చేతి నుంచి చేతికి వచ్చిన నాణెం కొంటే ఏ గుట్టకూ గొయ్యి పడదు. పాతకాలం నాణేలు అసలే కొనొద్దు అంటలేను, పాత కలెక్షన్ల నుంచి కాగితాలతో వచ్చేవి ఉంటయ్, కాకపోతే వాటికి ఓపిక కావాలె, డబ్బు కూడా కావాలె, కొత్తోళ్లకు ఆ రెండూ తక్కువే ఉంటయ్.

నిజాం నాణేలు చదవడం నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాదు. చార్మినార్ బొమ్మ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో వచ్చింది, కమాను కింద సందులో ఒక ఉర్దూ అక్షరం ఉంటది చూడండి, మీమ్ ఉంటే మహబూబ్‌ది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. తారీఖు హిజ్రీలో ఉర్దూ అంకెల్లో ఉంటది. 1337 అని ఉందనుకోండి, దాంట్లోంచి వందకు మూడు చొప్పున అంటే 40 తీసేయండి, 1297, దానికి 622 కలపండి, 1919. ఏడాది అటూ ఇటూ అయితది గానీ పని నడుస్తది. కొన్నిటి మీద 92 అని విడిగా ఒక అంకె కనబడ్తది, అది సంవత్సరం కాదు, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె పెట్టి కూడే లెక్కలో మహమ్మద్ అన్న పేరుకు వచ్చే సంఖ్య, నేను మొదట్లో 1892 అనుకుని ఒకాయనతో పెద్ద వాదన పెట్టుకున్న.

కొనకముందు చూడండి

పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంకు పోండి, నాణేల దగ్గర కనీసం గంట నిలబడండి. సైఫాబాద్‌లో 1903లో కట్టిన పాత టంకశాల ఉంది కదా, దాన్ని 2022లో మ్యూజియంగా తెరిచిండ్రు, నిజాం నాణేలు ఎట్లా కొట్టేవాళ్లో అక్కడ మిషన్లతో సహా అర్థమైతది. అసలువి కంటితో బాగా చూసినోడికి నకిలీ ఎదురుగా వచ్చినప్పుడు చెయ్యి ఆగుతది, పుస్తకం చదివినోడికి ఆగదు.

మ్యూజియం నుంచి వచ్చేటప్పుడు చిన్న సామాన్లు మూడు కొనుక్కోండి. 0.01 గ్రాము దాకా చూపించే డిజిటల్ కాటా, పది రెట్లు పెద్దగా చూపే లూప్, ఒక స్కేలు. హాలీ సిక్కా రూపాయి 11.18 గ్రాముల దగ్గర ఉంటది, ఇంగ్లీషోళ్ల రూపాయి 11.66. అరిగితే కొంచెం తగ్గుతది గానీ రెండు గ్రాములు తగ్గితే మాత్రం అది నాణెం కాదు, పోత. అంచు తిప్పి చూడండి, చుట్టూ సన్నటి గీత ఉంటే అచ్చులో పోసిందని అర్థం. ఇంక రాముడు సీత, హనుమంతుడు, లక్ష్మీదేవి బొమ్మలుండి వెనక ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని ఉన్న బిళ్లలు ఎన్ని లక్షలు చెప్పినా నవ్వి ముందుకు పోండి, కంపెనీవాళ్లు అట్లాంటివి ఎన్నడూ కొట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి: "ఎక్కడిది?"

అమ్మేటాయన్ని అడగాల్సినవి మూడు. నీకు ఎవరు అమ్మిండు, ఎప్పుడు, ఏమన్నా రాసి ఉందా. మర్యాదగా అడగండి, చాయ్ తాగుతూ అడగండి, కానీ అడగండి. "మా తాత పెట్టెలోవి", "ఫలానా పాత సేట్ కలెక్షన్ అమ్మేసుకుంటే కొన్న" అని చెప్పి బిల్లు మీద అదే రాసిస్తే మంచి మనిషి. "అవన్నీ నీకెందుకు, కావాల్నా వద్దా" అంటే వద్దు. "తాజా మాల్" అంటే అసలే వద్దు, ఆ మాటకు అర్థం నిన్నగాక మొన్న తవ్వింది అనే.

ఈ తాజా అన్న మాట మన సంతలోనే కాదు, అమెరికాలో కూడా నడుస్తది. 2012 జనవరిలో న్యూయార్క్‌లో పెద్ద నాణేల ప్రదర్శన జరుగుతుంటే పేరున్న ఒక డాక్టరు, పెద్ద కలెక్టరే, సిసిలీలో తవ్వి తెచ్చిన గ్రీకు నాణేలు అనుకుంటూ అమ్మకానికి పెట్టి దొరికిపోయిండు. ఇది కొన్నేళ్ల కింద తవ్వింది, తాజా సరుకు అని ఆయన నోటితోనే చెప్పిండు. తీరా పరీక్ష చేయిస్తే అవి నకిలీలు! దొంగసొత్తు అనుకుని అమ్మినందుకు కేసు తప్పలేదు, సరుకేమో ఉత్తుత్తిది. తవ్వినవాటి మీద యావ ఎక్కువైన చోట నకిలీలు పుట్టుకొస్తయ్, ఎందుకంటే అక్కడ ఎవ్వరూ కాగితం అడగరు.

కాగితం ఉన్నా కళ్లు మూసుకోవద్దు. జూలియస్ సీజర్‌ను చంపిన తర్వాత బ్రూటస్ కొట్టించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో దాదాపు 42 లక్షల డాలర్లకు పోయింది, పాత ఖాందాన్ కలెక్షన్‌లోంచి వచ్చింది అన్న కాగితం కూడా ఉండె. ఆ కాగితమే దొంగది అని తేలింది, వేలం సంస్థ ఓనర్ 2023లో అరెస్టయిండు, నాణేన్ని అదే ఏడాది మార్చిలో గ్రీసుకు ఇచ్చేసిండ్రు. కాబట్టి కాగితంలో ఉన్న పేరు, తారీఖు, పాత వేలం నంబరు మీరే వెతికి చూసుకోవాలె, పాత కేటలాగులో ఫొటో ఉందంటే దాంట్లో గీత గీతా మీ చేతిలో ఉన్నదాంతో పోల్చుకోండి, ప్లాట్ సర్వే నంబరు పహాణీలో చూసుకున్నట్టు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికే వస్తది. దాచుకోవడం తప్పు కాదు, కానీ పురావస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్స్ ఉండాలె. కాబట్టి కొంచెం పెద్ద మొత్తం పెట్టేటప్పుడు లైసెన్స్ చూపించమనండి, బిల్లు మీద నాణెం ఫొటో, బరువు రాయించుకోండి. ఇంకోటి, ఈ వందేళ్ల గీత ప్రతి ఏడాది ముందుకు జరుగుతుంటది. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో, ఆయన తొలి పదేళ్ల నాణేలన్నీ ఇప్పటికే ఆ గీత దాటేసినయ్. మన అమ్మమ్మ చూసిన మనిషి నాణెం పురావస్తువు అయ్యిందంటే నాకైతే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అందుకే డల్లాస్‌లో ఉన్న బావమరిదికి గృహప్రవేశం గిఫ్ట్ అని చెప్పి పాత నాణెం సూట్‌కేసులో పెట్టకండి, కొరియర్ కూడా చేయకండి. వందేళ్లు దాటినదాన్ని మామూలు మనిషి దేశం దాటించడానికి వీల్లేదు, దొరికితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఆన్‌లైన్‌లో విదేశీ కొనుగోలుదారు మెసేజ్ పెట్టినా అదే జవాబు.

ఊరు తెలిస్తే ఏం తెలుస్తది?

ఇది కొంచెం ఆగి చెప్తా, ఎందుకంటే నాకు ఇది అర్థమయ్యేదాకా పైనున్న రూల్స్ అన్నీ చాదస్తం అనిపించేవి.

2024 మార్చి చివర్లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రం తవ్వకాల్లో ఒక చిన్న కుండ దొరికింది, ఎత్తు 15 సెంటీమీటర్లే, రెండడుగుల లోతులో. దాంట్లో 3,730 సీసం నాణేలు. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, ఒక దిక్కు ఏనుగు, ఇంకో దిక్కు ఉజ్జయిని గుర్తు, అంటే కూడిక గుర్తు నాలుగు కొసలకు సున్నాలు పెట్టినట్టు ఉండేది. లెక్కేస్తే ఎనిమిదిన్నర కిలోల సీసం. కుండ మూతికి బయట నుంచి ఒక చట్టి మూసి ఉంది, లోపల నుంచి పగిలిన గిన్నె అడుగు అడ్డం పెట్టి ఉంది. ఎవరో మళ్లీ వచ్చి తీసుకుందామని ఎంత జాగ్రత్తగా పెట్టిండ్రో చూడండి, పాపం రాలేదు. అది ఉన్న మట్టి పొరను, నాణేల రకాన్ని చూసి ఇక్ష్వాకుల కాలం, అంటే క్రీస్తు శకం 3, 4 శతాబ్దాలు అని చెప్పగలిగిండ్రు. బౌద్ధ విహారంలో అన్ని నాణేలు ఎందుకు, ఎవరు దాచిండ్రు అని ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోవచ్చు.

అదే కుండ రాత్రిపూట ఎవరికో దొరికి ఉంటే? కుండ పగిలిపోయేది, చట్టి విసిరేసేవాళ్లు, నాణేలు పది బిస్కెట్ డబ్బాల్లోకి పోయేవి, నా లాంటోడు పదకొండు కొనుక్కునేటోడు. నా పదకొండు కూడా ఏనుగు బొమ్మవే అన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చేదుగా ఉంటది.

కోటిలింగాల కథ అందరికీ తెలిసిందే. గోదావరి ఒడ్డున ఆ ఊర్లో గోబద, నారన, సమగోప లాంటి రాజుల నాణేలు, శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుని నాణేలు దొరకడంతోనే కదా శాతవాహనుల మొదలు తెలంగాణలోనే అన్న వాదనకు అంత బలం వచ్చింది. సిముక అన్న పేరు నాణెం మీద ఉంటది, కోటిలింగాల అన్న పేరు నాణెం మీద ఉండదు. అది ఏరుకున్న మనిషి నోట్‌బుక్‌లో ఉండాలె, లేకుంటే ఆ వాదనే లేదు.

గుప్త నిధులు, రైస్ పుల్లింగ్

ఇవి చదివేవాళ్లలో చాలామంది ఊరి గుడి దగ్గర అర్ధరాత్రి తవ్వకాల గురించి విన్నవాళ్లే అయ్యుంటరు. నంది కింద లంకెబిందెలున్నయని విగ్రహం పెకిలిస్తరు, నిమ్మకాయలు కోస్తరు, డిటెక్టర్ తెస్తరు, పొద్దునకు గుడి ముందు గొయ్యి, రెండు ముక్కలైన నంది. నిధి దొరకదు గానీ నాణేలు నాలుగు దొరుకుతయ్, అవి ఎటు పోతయ్? పట్నం వస్తయ్. మనం కొంటున్నం కాబట్టి వస్తయ్. మీకు ఎవరన్నా ఇట్లాంటి తవ్వకం వీడియో పంపి "మాల్ ఉంది" అంటే బేరం పెట్టుకోకండి, వీడియో డిలీట్ చేయకండి, పోలీసులకు చూపించండి.

బియ్యం గింజల్ని లాగే రాగి నాణెం అని వస్తే అది ఇంకో లెక్క, అది చరిత్ర కాదు, ఉత్త మోసం. పాత ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తం, ముందు ఫీజు కట్టండి అనేది కూడా అంతే. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే మా పేరు చెప్పి ఇట్లా డబ్బులు వసూలు చేస్తున్నరు, నమ్మొద్దు అని ప్రకటన ఇచ్చింది.

మీకే దొరికితే

బోరు వేస్తుంటేనో పునాది తీస్తుంటేనో కుండ తగిలిందనుకోండి. ముందు పని ఆపించండి, జేసీబీ ఆయన్ని దూరం పంపండి. కుండను లాగకండి, నాణేలను కడగకండి. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌లో ఫొటోలు తీయండి, పక్కన చెప్పు అయినా పెట్టి తీయండి సైజు తెలుస్తది, లొకేషన్ ఆన్‌లో పెట్టండి. తర్వాత తహసీల్దార్‌కు, పోలీసులకు ఫోన్, కలెక్టర్‌కు రాతపూర్వకంగా సమాచారం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టంలో పది రూపాయల విలువ దాటిన ఏ నిధికైనా ఇదే రూలు, ఏం దొరికింది, ఎక్కడ, ఏ తారీఖున అని రాయాలె.

"చెప్తే మొత్తం గుంజుకుంటరు" అని ఊర్లల్లో గట్టి నమ్మకం ఉంది, దాచుకోవడానికి అదే కారణం. చట్టంలో ఉన్నది అది కాదు. విచారణలో దానికి ఓనర్ ఎవరూ లేరని తేలితే, దొరికినోడికి, భూమి ఓనర్‌కు మధ్య వేరే ఒప్పందం లేకపోతే నాలుగులో మూడు వంతులు దొరికినోడివి, ఒక వంతు భూమి ఓనర్‌ది. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే దాని లోహం విలువకు ఐదో వంతు కలిపి కట్టాలె. దాచిపెడితే ఆ వాటా పోతది, ఏడాది దాకా జైలు. విచారణకు టైం పడ్తది, తిరగాల్సి వస్తది, అది నేను కాదనను, కానీ లెక్క మాత్రం ఇది.

ఇంటికొచ్చిన తర్వాత

చింతపండు, నిమ్మకాయ, బూడిద, పీతాంబరి, ఏదీ వద్దు. నా పదకొండు నాణేల్లో మూడింటి మీద అక్షరాలు నా చేతులతోనే పోయినయ్, సీసం మెత్తటిది, పులుపు తగిలితే పైపొర లేస్తది. రాగి మీద నల్లటి, ముదురు ఆకుపచ్చటి పొర నాణేన్ని కాపాడేదే, దాన్ని తీస్తే ధర కూడా పడిపోతది. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది జబ్బు, వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి తెలిసినవాళ్లకు చూపించండి. మెత్తగా ఉండి వాసనొచ్చే పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు, మైలార్ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌వి దొరుకుతయ్ అవి కొనండి. సీసం నాణేలు చెక్క బీరువాలో పెట్టకండి, చెక్క నుంచి వచ్చే ఆవిరికే తెల్లగా పూస్తయ్. అవి ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు ఇవ్వకండి. పట్టుకునేది ఎప్పుడైనా అంచులతోనే.

ఇంక ఆఖరి పని, ఎవరూ చేయనిది. ప్రతి నాణేనికి ఒక చిన్న కాగితం. ఏంటిది, బరువెంత, ఎవరి దగ్గర, ఏ తారీఖున, ఎంతకు, ఆయన ఏం చెప్పిండు, ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే. బిల్లు ఫొటో ఫోన్‌లో ఉంటే సరిపోదు, ఫోన్ పోతది. మనం పోయిన తర్వాత పిల్లలు డబ్బా తెరిస్తే వాళ్లకు కాగితమే దిక్కు.

నా పదకొండు సీసం బిళ్లలకు కూడా రాసిన, "ఫలానా సంత, ఫలానా సంవత్సరం, ఖేత్ సే అన్నడు, ఏ ఖేత్ నేను అడగలే" అని. నానమ్మ హాలీ రూపాయికి వేరే కవరు. దానికి పైన కొక్కెం అతికిచ్చిన టాంకా మచ్చ ఉంది, అబిడ్స్‌లో ఒకాయన చూసి "యే తో ఖరాబ్ హై" అని వెండి ధర చెప్పిండు. కవరు మీద ఇట్లా ఉంది: "రూపాయి, 10.9 గ్రాములు, కమానులో ఐన్. నానమ్మ రూపాయల దండలోది, పెండ్లికి వాళ్ల నాయన పెట్టిండట. మొత్తం పన్నెండు ఉండె, చిన్నత్త కాన్పుకు తొమ్మిది అమ్మిండ్రు, రెండు నాన్న దగ్గర ఉన్నయ్. కొక్కెం తీయొద్దు."